ర్యాకు వెనక కేబులు

నాది నిదానం చెయ్యి. ఒక పేజీకి రెండు రోజులు పడుతుంది. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. మా ఆయన పేరు చెంగయ్య. నోటితో ఏనాడూ అనలేదు, రాయడం ఇప్పుడే.

ఏర్పేడు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఆయనది నెట్‌వర్కు పని, నాది ఊడ్చే పని. ఆ రోజు ఎనిమిదింటికి ఆయన స్విచ్చిల గదిలో నేల మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. స్విచ్చంటే కంప్యూటర్లకు లైను పంచే ఇనప డబ్బా. రోజూ ఒక్కోదానికి తన నీలం కేబులు పెట్టి, ఒళ్ళో లాప్‌టాప్ ఉంచుకుని, మూడుసార్లు ఎంటర్ కొట్టి, అది పలికితే పక్కదానికి జరిగేవాడు. మోకాలి దెబ్బకు పుత్తూరు కట్టు. కళ్ళద్దాలకు ఒక కాడ బదులు దారం. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలోకి చెప్పులతో పోలేదు.

ఆరో స్విచ్చి పలకలేదు. పరీక్ష హాలుకు లైను ఇచ్చేది అదే; లాప్‌టాప్ నుంచి కొట్టి తెరిస్తేగాని ఆ లైను పోదు. కొత్తది, మొన్ననే కంపెనీ ఇంజనీరు భానుచందర్ బిగించిపోయాడు. తెర మీద అక్షరాలు వస్తున్నాయి, ఈయన కొట్టేది మాత్రం పోవడం లేదు. కేబులు మార్చాడు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. వేళ్ళు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ కొట్టాడు.

తొమ్మిదిన్నరకు ఆన్‌లైన్ పరీక్ష. హాలులో నూటఇరవై మంది పిల్లలు. మేనేజరు మోహన్‌కృష్ణ వాకిట్లో నిలబడి అందరి ముందరా తిట్టాడు. ఐటీఐ వాళ్ళను పెట్టుకుంటే ఇంతేనన్నాడు. భానుచందర్ తిరుపతి నుంచి కారులో దిగి, బూట్లతోనే లోపలికొచ్చాడు.

"ఏం చెంగయ్యా, గంట కొట్టి హారతిచ్చినా పలకలేదా?"

ఆయన కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ స్విచ్చిలు బిగించిన ర్యాకు వెనక్కి పాకాడు. కొత్త స్విచ్చికి కన్సోలు పోర్టులు, అంటే లాప్‌టాప్ కేబులు గుచ్చే బెజ్జాలు, రెండు: పాత కేబులుకు ఒకటి, యూఎస్‌బీకి ఒకటి. యూఎస్‌బీ అవతలి కొస నడుస్తున్న కంప్యూటరుకు తగిలి ఉంటే, పాత పోర్టు నుంచి కొట్టేది లోపలికి తీసుకోదు. సన్నటి నల్ల కేబులొకటి స్విచ్చి నుంచి కింది అరలో నడుస్తున్న సర్వరు కంప్యూటరుకు పోయి ఉంది. భానుచందర్ మొన్న పని ముగించి పెరకడం మరిచినది. ఆయన పెరికాడు. ఎంటర్ కొట్టాడు. పలికింది. మూసి ఉన్న హాలు లైను తెరిచాడు. పరీక్ష నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.

పైవాళ్ళకు సంజాయిషీ కాగితం కావాలి. తప్పు తనదేనని చెంగయ్య రాసివ్వాలన్నాడు మేనేజరు. కంపెనీ వాళ్ళను అనలేమన్నాడు. భానుచందర్ ఫోను చూసుకుంటున్నాడు.

"ఆ కేబులు ఎవురు పెట్టినారో వాళ్ళు రాయాల సార్. నేను తీసినోణ్ణి."

"రాయకుంటే రేపట్నుంచి రావద్దు."

"రాను. రాయను."

నేను చీపురు పట్టుకుని వాకిట్లోనే ఉన్నాను. ఒక్క మాటన్నా అనలేదు. ఆ కోపం నా మీద నాకు ఇప్పటికీ ఉంది.

మధ్యాహ్నం మెట్ల మీద పెరుగన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, రొమ్ము పట్టేసిందన్నాడు. నేను నీళ్ళు తెచ్చేలోగా గోడకు ఒరిగి ఉన్నాడు. అంతే.

పదకొండు దినాలు పోయాక మేనేజరు ఇంటికొచ్చాడు. మా ఆయన మంచితనం గురించి కాసేపు మాట్లాడి ఒక కాగితం తీశాడు. ఆయన సామాన్లు ఇప్పించడానికన్నాడు.

"ఈడ ముద్ర వెయ్యమ్మా."

వేశాను. జిరాక్సు నాకూ ఒకటి పంపించాడు. చదవలేనని అతనికి తెలుసు.

మూడేళ్ళ తర్వాత, పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడికి పోయి అక్షరాలు పట్టుబడ్డాక, పెట్టెలోంచి దాన్ని తీశాను. ఒక వరుసకు ఒక పూట పట్టింది. 'నా భర్త చెంగయ్య తన అజాగ్రత్త వల్ల పరీక్షకు అంతరాయం కలిగించినట్లు ఒప్పుకుంటున్నాను.'

ఆయన ప్రాణముండగా రాయనిది, నా చేత ఒప్పించారు. కాలేజీకి పోయి అడిగాను. మేనేజరు వేరే చోటికి మారాడన్నారు, ఫైలు ముగిసిందన్నారు. నాకు ముగియలేదు.

కాగితం ఇప్పుడు నా ముందరే ఉంది. అడుగున, ఆయన పెట్టనన్న సంతకం చోట, నా ఎడమ బొటనవేలి ముద్ర, జిరాక్సులో నల్లగా, గీత గీతా తెలుస్తూ.

అక్కమ్మ, వయసు అరవై, ఇప్పుడుండేది చిత్తూరులో చెల్లెలింట్లో.