ఊటబండలో రైలెందుకు ఆగదంటే

లింగంపల్లి దాటి నాలుగు ఊళ్లు పోతే మా ఊటబండ హాల్టు. నిజాం కాలంలో ఒక ఇంజను మా సీతాఫలాల వాసనకు మోకాళ్ల మీద కూలబడిందనీ, లేపలేక అక్కడే స్టేషను కట్టారనీ ఊరంతా చెప్పుకుంటారు. ఆ కథ అల్లింది నేనే.

ఇప్పుడక్కడ రైలాగదు. టికెట్లమ్మిన గదిలో మేకలు పడుకుంటాయి. నేను మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల మేడకు కాపలా ఉన్నాను. మరదలు వరసయ్యే లచ్చమ్మ అదే మేడకు ఇటుకలు మోస్తోంది. ఒకప్పుడు పొద్దుటి ప్యాసింజర్‌లో సీతాఫలాల గంపతో లింగంపల్లి పోయి, మధ్యాహ్నానికి ఇల్లు చేరే మనిషి. ఇప్పుడు రేకుల షెడ్డులో ఉంటోంది.

మొన్న అన్నం వేళకు డబ్బాతో పాటు ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"బావా, రైలు మల్ల ఆపాలెనని దరఖాస్తు రాయి. నాలుగో తరగతి దాక సదివినవ్ గదా."

"దరఖాస్తెందుకే? నువ్వు పట్టాల మీద నిలబడు, నీ మొకం జూసి డ్రైవరే ఆపుతడు."

"పరాచికాలొద్దు. నాకు ఇంటికి పోవాలెనున్నది. ఎందుకు మూసిండ్రో ముందుగల రాయి."

నా చేతిలో కలం కదల్లేదు.

మూడేళ్ల కిందట రైలు వెళ్లిపోయాక హాల్టులో నేనొక్కడినే కూర్చుని ఉంటే, గుమాస్తాతో ఒక రైల్వే అధికారి వచ్చాడు. ఇక్కడ ఎంతమంది ఎక్కుతారని అడిగాడు.

"ఎవరూ ఎక్కరు సార్. మా ఊరోళ్ల కాళ్లు రైలుకన్న జోరు. మొన్న నేను లింగంపల్లికి నడిచిపోయి చాయ్ తాగినంక వచ్చింది మీ రైలు."

గుమాస్తా పడీపడీ నవ్వాడు. అధికారి నవ్వలేదు. "ఎవరూ ఎక్కరు" అన్నంతవరకే రాసుకుని దస్కతు పెట్టమన్నాడు. నా దస్కతు అడిగేవాడు దొరికాడన్న సంబరంలో గుండ్రంగా పెట్టాను. ఆ వానాకాలమే రైలు ఆగడం మానేసింది.

"రాయవేంది?" అంది లచ్చమ్మ.

ఆమెకు అక్షరం రాదు. నేను ఏది చదివినా నమ్ముతుంది. అదే నన్ను పొడిచింది. రాశాను. రాసింది రాసినట్టే చదివాను: "మా హాల్టులో ఎవరూ రైలెక్కరని అబద్ధం చెప్పి దస్కతు పెట్టింది యాదయ్య అనే నేనే."

ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"గిది గూడ నీ కతనేనా?"

"కాదు లచ్చవ్వా."

మళ్లీ చదవమంది. చదివాను. ఆమె చెయ్యి కడుక్కుని, నా కలం విరగ్గొట్టినట్టే విప్పి, వేలికి సిరా పూసుకుని ముద్ర వేసింది.

"రేపు రైలోళ్ల దఫ్తర్ల నువ్వే సదువు. నేను పక్కన్నే నిలబడ్త. ఆడ ఎవలన్న నవ్విండ్రా, ఇగ నీకు నాకు మాటల్లేవు."

అన్నం సగం వదిలేసి ఇటుకల దగ్గరికి పోయింది.