నాలుగో తూటు

మరమగ్గాల వాడకు నీళ్లు రావాలంటే గుట్ట మీది సిమెంటు ట్యాంకుకున్న నాలుగో తూటులో పైపు పడాలి. గోడ పోసిననాడే నాలుగు తూట్లు వదిలారు. మూడింట్లో పైపులు పడి మూడు వాడలకు నల్లాలొచ్చాయి. మరమగ్గాల వాడకు వదిలిన నాలుగోదాంట్లో మాత్రం ఎవరో ఇటుక ముక్కలు కుక్కి, పైన పలచగా సిమెంటు మెత్తి చేతులు దులుపుకున్నారు. ట్యాంకు నిండినప్పుడల్లా అది కారేది.

ఆ కారే ధారే వాడకు దిక్కు. కానీ తూటు కిందుగా, గుట్ట వాలులోనే ముత్యం ఇల్లు. ఆమె రేకుముక్క వంచి పెట్టి ధారను నేరుగా తన నీళ్ల గోలెంలోకి మళ్లించుకుంది. శంకరవ్వ, ముత్యం ఒకే ఏడు ఈ వాడకు కోడళ్లయి వచ్చారు. పక్కపక్కన కూర్చుని కండెలు చుట్టారు, ఒకరి పిల్లలకు ఒకరు పాలిచ్చారు. ఇప్పుడు మూడు రోజులుగా శంకరవ్వ ఖాళీ బిందెతో నిలబడి నిలబడి తిరిగి పోతోంది.

"జర నా బిందె పెట్టనియ్యవే. కోడలు బాలింత, ఇంట్ల చుక్క లేదు."

"నా గోలెం నిండినంక రా."

"నిండిన నీళ్లతోటి బర్రెను కడుగుతున్నవు గదనే!"

"నా బర్రె పాలిస్తది. నువ్వేమిస్తవ్?"

అక్కడున్న ఆడవాళ్లు పక్కున నవ్వారు. ఆ నవ్వు శంకరవ్వకు రాత్రంతా కంటిమీద కునుకు పడనివ్వలేదు. తెల్లారగానే ట్యాంకు సూపర్‌వైజరు దశరథం దగ్గరికి పోయింది.

"సారూ, మా తూటు కారుతున్నది. ముత్యమొక్కతే దోసుకుంటున్నది. దాంట్ల పైపేసి వాడంతకు నల్లాలియ్యిండ్రి."

దశరథం చాయ్ ఊదుకుంటూ విన్నాడు. "కారుతున్నదా? మంచిగ జెప్పినవవ్వా. రేపే పని జేయిస్త."

పైపు వస్తోందని శంకరవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

మర్నాడు పైపు రాలేదు. దశరథం వెంట సిమెంటు బస్తా, ఇనుప కడ్డీ పట్టుకుని సుతారి మేస్త్రీ వాహెద్ వచ్చాడు. ట్యాంకులోని నీళ్లన్నీ అవతలి కాలువలోకి వదిలేసి, తూటులోని ఇటుకలు ఊడబెరికి, అంచులు గరుకుగా చెక్కాడు.

"పైపేది బిడ్డా?"

"పైపు లేదవ్వా. మళ్ల కారకుంట మూసెయ్యమన్నరు. ఇగ తియ్యాల్నంటే గోడ పలగ్గొట్టుడే."

"నేను గట్ల జెప్పలే!" అని శంకరవ్వ దశరథం వైపు తిరిగింది.

"కారుతున్నదని జెప్పినవా లేదా?" అన్నాడు దశరథం. "వాహెద్ లోపల్నుంచి సిమెంటు మాలు కూరుతడు. అది రాలిపోకుంట బయట చెక్క అదిమి పట్టాలె. జెప్పినదానివి నువ్వే పట్టు. రేపు వాడకు నీళ్ల ట్యాంకరొస్తది, దాంట్ల మొదటి బిందె నీదే."

ఆమె కోడలిని తలచుకుంది. చెక్కకు వీపు ఆనించింది. లోపలినుంచి కడ్డీ దెబ్బ ఒక్కొక్కటీ వెన్నుపూసకు తగిలింది.

సంగతి తెలిసి ముత్యం పరుగున వచ్చింది.

"నువ్వా జెప్పింది? వదులే! చెక్క వదులు, మాలు రాలిపోతది. నా గోలెం తీసేస్త. అందరం వంతులేసుకుందం. నీ కాళ్లు మొక్కుత, శంకరీ!"

ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. శంకరవ్వ మోకాలు కదిలింది కూడా.

"చెక్క జారుతున్నదవ్వా! గట్టిగ ఒత్తు!" వాహెద్ లోపలినుంచి అరిచాడు.

బతిమాలుతున్న ఆ మొహాన్ని శంకరవ్వ తనివితీరా చూసింది. మడమలు నేలలో గుచ్చి, ఇంకా గట్టిగా ఒత్తింది.

దెబ్బలు ఆగేదాకా ముత్యం అక్కడే నిలబడింది. తర్వాత చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

"నా సావుకు నువ్వు రాకు. నీ సావుకు నేను రాను."

"ముత్యం..."

"నేనొచ్చి ఆసర పెట్టేదాక కదలకవ్వా," అన్నాడు లోపలినుంచి వాహెద్. "ఇంక పచ్చిగనే ఉన్నది."

ముత్యం గుట్ట దిగిపోతుంటే శంకరవ్వ చెక్కకు ఆనుకునే చూస్తూ నిలబడింది.