గేటుకి భోజనం తెచ్చేవాడు

సెన్యో సరిహద్దు దాటాలంటే నాలుగు నిమిషాలు చాలు. కొజోవియాకోపే పేట చివర గేటు. గేటు అవతల వేరే దేశం. అక్కడ చేపలు కాల్చి అమ్ముకునే అతని అక్క ఉంది. ఆదివారం ఉదయం అతను సంచి సర్దుకునే వచ్చాడు. ఆపింది నేను.

జిగ్బోది వాకిట్లో బల్ల మీద కూర్చున్నాం. ఆమె ముందు నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా ఆచారం ప్రకారం నీళ్లు తాగాకే వచ్చిన పని చెప్పాలి కాబట్టి ఇద్దరం తాగాం.

ఆమె భర్త అగ్బెకో ఉపాధ్యాయ సంఘం కార్యదర్శి. పన్నెండు రోజుల కింద, సమ్మె మూడో నాడు, బడి ముందే అతన్ని జీపులోకి లాగేశారు. మర్నాడు రేడియోలో ప్రభుత్వం వేరే కథ చెప్పింది. అతను సరిహద్దు దాటి పారిపోయాడట. జిగ్బోది ఐదు పోలీసు స్టేషన్లు తిరిగింది. ఇక మిగిలింది నేను పనిచేసే రాయబార కార్యాలయం. మమ్మల్ని ఏలి, అరవై ఏళ్ల కింద జెండా దించుకుని వెళ్లిన దేశం వాళ్లది. వాళ్లు ఇప్పటికీ కన్నెర్రజేస్తే మా మంత్రులు వణుకుతారని ఊళ్లో నమ్మకం. పంతొమ్మిదేళ్లుగా నేనక్కడ గుమాస్తాని. మావాళ్ల మొర విని దొరల భాషలో కాగితం మీద పెట్టడం నా పని.

"చెప్పు సెన్యో. చూసింది చూసినట్టు చెప్పు."

"చూసింది చూసినట్టు చెబితే మా ఆవిడే నమ్మదు. నీ దొరలు నమ్ముతారా, మెసాన్ అన్నా?"

"నీ మొహం చూస్తే నేనూ నమ్మను. అందుకేగా ఈ కాగితం."

జిగ్బోది నవ్వలేదు. సెన్యో గొంతు సవరించుకున్నాడు.

అతను మోటారుసైకిల్ టాక్సీ నడుపుతాడు. శుక్రవారం మధ్యాహ్నం సైనిక శిబిరం గేటు దగ్గర ఉన్నాడు. నీళ్ల ట్యాంకర్ కోసం గేటు బార్లా తెరిచారు. లోపల గోడ పక్కన అగ్బెకో కూర్చుని ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేశారు. ఒక కాలికే చెప్పు ఉంది. అగ్బెకో సెన్యో కూతురికి లెక్కలు చెప్పిన మాస్టారు. పొరపాటు పడే అవకాశం లేదు.

"బతికే ఉన్నాడు," అంది జిగ్బోది. అప్పటికి పదోసారి.

"అసలు ఆ గేటు దగ్గర నీకేం పని? మొదట అదే అడుగుతారు," అన్నాను.

"అదేం ప్రశ్న? అయెలె అత్త వండిన సంకటీ పులుసూ కాపలావాళ్లకి రోజూ మధ్యాహ్నం మోసేది నేనేగా. ఆరేళ్లయింది. నేను ఒక్కపూట వెళ్లకపోతే ఈ దేశానికి రక్షణే లేదు."

ఆ మాట దొరికినందుకు పొంగిపోయాను. వాంగ్మూలం నిలబడేది ఇలాంటి వాక్యం మీదే. 'ఆరేళ్లుగా ప్రతి మధ్యాహ్నం ఆ గేటుకి భోజనం తెచ్చేవాణ్ణి' అని మొదటి పేరాలోనే పెట్టాను. సెన్యో సంతకం చేసి సంచి అందుకున్నాడు.

"ఇక వెళ్తా అన్నా. అక్క చేపలు కాలుస్తూ ఉంటుంది."

"గురువారం దాకా ఆగు. మా ఆఫీసులో మదాం నీతో ఒకసారి మాట్లాడాలంటుంది. మనిషి ఎదురుగా లేకపోతే కాగితానికి బలం ఉండదు. మామూలుగా భోజనం మోస్తూ ఉండు, మానేస్తే అనుమానం వస్తుంది."

"మరి నా పేరు?"

"బయటికి రాదు. పూచీ నాది."

"ఆగు తమ్ముడూ, నీ కాళ్లు పట్టుకుంటా," అంది జిగ్బోది.

సెన్యో సంచి కింద పెట్టేశాడు. "కాళ్లొద్దులే అక్కా, బురదగా ఉన్నాయి. నాలుగు రోజులేగా."

మదాం క్లెర్ మా కార్యాలయంలో రెండో కార్యదర్శి. మంచి మనిషి. సోమవారం ఆ వాంగ్మూలం రెండుసార్లు చదివింది. చదివి కళ్లజోడు తీసి తుడుచుకుంది. సెన్యో పేరున్న మూడు చోట్లా తనే నల్లసిరా పూసి, కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. పేరు కనబడలేదు.

"బహిరంగ ప్రకటన చేస్తారా మదాం? అగ్బెకో శిబిరంలో ఉన్నాడని రేడియోలో వస్తే అతన్ని చంపడానికి జంకుతారు."

"ఇప్పుడు కాదు మెసాన్ గారూ. వచ్చే నెల ఓడరేవు ఒప్పందం ఉంది. పైనుంచి ఒప్పుకోరు. చప్పుడు చెయ్యకుండా అడుగుదాం. అలా అడిగితేనే పనులవుతాయి."

బుధవారం ఉదయం పదకొండున్నరకి మా డ్రైవరు ఇక్కడి ప్రభుత్వ విదేశాంగ శాఖ నుంచి రసీదు తెచ్చాడు. దాన్ని ఫైల్లో పెట్టడం నా పని. ఎర్రముద్ర మంగళవారం మధ్యాహ్నానిది. లేఖ ఒకటి. అనుబంధం, రెండు పేజీలు.

ఆ రెండు పేజీలు సెన్యో వాంగ్మూలం. దొరల రాజధానికి వెళ్లాల్సినవి. తలుపు తట్టకుండానే మదాం గదిలోకి వెళ్లాను.

"వాంగ్మూలం వాళ్లకెందుకు పంపారు?"

"మిత్రదేశాన్ని ఆధారం చూపకుండా ప్రశ్నించడం మర్యాద కాదు. మన పద్ధతి మీకు తెలుసుగా. పేరు చెరిపేశాం కూడా."

"పేరు చెరిపాం. భోజనం చెరపలేదు."

ఆమెకి అర్థం కాలేదు. మొదటి పేరా నోటితో చెప్పాను.

"గేటుకి భోజనం తెచ్చేవాళ్లు చాలామంది ఉంటారు కదా?"

"ఒక్కడే."

"ఆ వాక్యం..."

"నేనే రాశాను."

సెన్యోకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. బండి మీద ఉంటే ఎత్తడు. బయటికి పరుగెత్తి కనబడిన టాక్సీ బండి ఎక్కాను.

"తొందరగా పోనీ తమ్ముడూ!"

"ఎక్కేవాళ్లందరికీ తొందరే. ఆ లారీ వాడికి చెప్పు ముందు, జరుగుతాడేమో."

అయెలె అత్త తన పాకలో గరిటె కడుగుతోంది. పొయ్యి మీద కుండలు లేవు.

"సెన్యో ఏడీ?"

"ఇప్పుడే వెళ్లాడు నాయనా. ఇవాళ పెందలాడే తెమ్మని గేటు నుంచి ఫోన్ చేశారు. వాళ్లు ఫోన్ చెయ్యడం ఎప్పుడూ లేదు. ఏం, ఏమయింది?"

నా మొహం చూసి ఆమె గరిటె పడేసి బండెక్కింది. ముగ్గురం వెళ్లాం. శిబిరానికి వంద అడుగుల ఇవతలే బండివాడు ఆపేశాడు.

సెన్యో బండి గేటు ముందు స్టాండు వేసి ఉంది. వెనక సీటుకి కట్టిన కుండలు అలాగే ఉన్నాయి, ఎవరూ విప్పలేదు. సిపాయి ఒకడు బయటికొచ్చి, స్టాండు తీసి, బండిని కుండలతో సహా లోపలికి నెట్టుకుపోయాడు. గేటు మూసుకుంది. అయెలె అత్త వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి.

మూడు వారాలకి ప్రభుత్వం జవాబు వచ్చింది. అగ్బెకో అనే వ్యక్తి మా అదుపులో లేడు. వాంగ్మూలంలో చెప్పిన భోజనం మనిషి ఎవరూ లేరు. ఆ మర్నాడే ఓడరేవు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఉమ్మడి ప్రకటన చివర ఒక వాక్యం ఉంది: మానవ హక్కుల విషయంలో ఇరుదేశాలూ అరమరికలు లేకుండా మాట్లాడుకున్నాయి. రేడియో కోసం దాన్ని మా భాషలోకి మార్చింది నేనే.

జిగ్బోదికి ఇవ్వమని మదాం ఒక ఉత్తరం ఇచ్చింది. ఇస్తున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఆ వాకిట్లో ఈసారి నాకెవరూ నీళ్లు తేలేదు. అయెలె అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. ఉత్తరం చదివి వినిపించాను.

"అంటే ఏంటి అన్నయ్యా?" అంది జిగ్బోది.

"అడిగారమ్మా."

"వాళ్లేమన్నారు?"

"ఎవరూ లేరన్నారు."

ఆమె ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. "మళ్లీ రాయి. ఈసారి ఇద్దరి పేర్లూ రాయి."

సంచిలోంచి కొత్త ఫారం తీశాను. తీయడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. పేర్లు రాశాను. వయసులు, తేదీలు రాశాను. తర్వాతి గడి, చూసినవాళ్లు. ఆ గేటు ముందు నేనూ ఉన్నాను. నా పెన్ను ఆగింది. తల తిప్పాను.

"నా వైపు చూడకు నాయనా," అంది అయెలె అత్త. "నేనేం చూడలేదు."

"అత్తా..." అంది జిగ్బోది.

"ఆ దారే ఎరగను నేను. ఆ గేటు ఏ రంగో కూడా నాకు తెలీదు." లేచి కొంగు బిగించుకుంది. "భోజనం మళ్లీ పంపమని మొన్న కబురు పెట్టారు. మోసేవాడు లేడుగా, నేనే పోవాలి. పొద్దెక్కుతోంది."

ఆమె వెళ్లిపోయింది.

"ఎన్నాళ్లకొస్తుంది అన్నయ్యా జవాబు?" అంది జిగ్బోది.

ఆ గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని మా ఆఫీసులో ఎవరూ పైకి పంపరు. పంతొమ్మిదేళ్లుగా అలాంటివి పెట్టే సొరుగు తాళం నా దగ్గరే ఉంటోంది.

సంతకం ఎక్కడ పెట్టాలో ఆమెకి చూపించాను.