గేటు అవతలి చోటు

లిబ్రాదో కవాసోస్ షట్టర్ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా దానిమీద మోపి తిప్పుతున్నాడు. తుప్పు పట్టిన మర కీచుమంటూ దిగుతోంది. చెరకు తోటలకు పోయే కాలువ నీళ్లు షట్టర్‌కు తగిలి, నురగ కక్కి వెనక్కి మళ్లాయి. సముద్రంలో తుఫాను పట్టింది, కాలువలన్నీ కట్టెయ్యమని కబురొచ్చింది. కట్టెయ్యడం, తెరవడం. కాలువ లస్కరు పనంటే అంతే. మీసాలొచ్చిన కొత్తలో చేరిన ఉద్యోగం, మీసాలు తెల్లబడినా అదే. పైకి రమ్మని అతన్నెవరూ పిలవలేదు, అతనూ అడగలేదు.

మనిషి పొట్టి. చక్రాలు తిప్పీ తిప్పీ కుడి భుజం కిందికి జారిపోయింది. మెడ మీది చర్మం ఎండకు కమిలి, మడతలు పడి, ఎంత రుద్దినా వదలని మట్టి ఆ మడతల్లో స్థిరపడింది. ఈమధ్య ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. డాక్టరు దగ్గరికి పోతే ఏదో ఒకటి ఉందంటాడని పోలేదు.

షట్టర్ దింపి, పాత ట్రక్కు ఎక్కి గోడ దగ్గరికి వచ్చాడు. మా ఊరు లా రెతామాకూ రియో గ్రాండె ఏటికీ మధ్య పూర్వం మట్టి కరకట్ట ఉండేది. ప్రభుత్వం దాన్ని నిలువునా కోసి, సిమెంటు గోడ పోసి, దానిమీద ఇనప కడ్డీలు పాతింది. మెక్సికో నుంచి దొంగతనంగా దాటి వచ్చేవాళ్లను ఆపుతుందన్నారు, పనిలో పనిగా వరదనూ ఆపుతుందన్నారు. సరిహద్దేమో ఏటి నడుమ ఉంది, గోడేమో ఏటికి చాలా ఇవతల లేచింది. మధ్యన మిగిలిన నేల మాదే, టెక్సస్‌దే. అయినా అక్కడికి పోవాలంటే గోడలో పెట్టిన గేటు దగ్గర ఆగి తాళం నంబరు నొక్కాలి. నీళ్లు తోడే మోటార్ల షెడ్డు, కవాసోస్‌ల సమాధుల తోట ఆ పక్కన ఉండిపోయాయి.

గేటు దాటి వెళ్లి మోటార్లు ఆపేసి, రోజూ లాగే సమాధుల దగ్గర ఆగాడు. భార్య చావేలా సమాధి మీద మొలిచిన గడ్డి పీకాడు. దాని పక్కన నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి ఉంచిన ఖాళీ నేల అతనిది. జీవితంలో అతను తనకోసమని పట్టుబట్టి అట్టిపెట్టుకున్నది అదొక్కటే.

"గాలి తిరిగింది చావేలా. నీళ్లొస్తాయి, కంగారు పడకు," అని చెప్పి బయలుదేరాడు.

మధ్యాహ్నం అక్క ఓతీలా ఇంట్లో భోజనం. గోడ కింద దిగువ వీధిలో మొదటి ఇల్లు ఆవిడది. మొగుడు పోయినప్పటి నుంచి ఒంటరిది. గోడ కావాలా వద్దా అని స్కూల్లో సభ పెట్టినప్పుడు ఈ అక్కాతమ్ముళ్లు చెరో పక్క నిలబడ్డారు. ఆ డబ్బుతో ఆసుపత్రి కట్టమని కొందరు అరిచారు. తెల్లారి కోళ్లగూడు తలుపు తీస్తే ముక్కూమొహం తెలియని మగాళ్లు పడుకుని ఉంటున్నారు, మీ ఆడవాళ్లకైతే ఊరుకుంటారా అని ఓతీలా లేచి అడిగింది. లిబ్రాదో వంతు వచ్చినప్పుడు టోపీ చేత్తో పట్టుకుని, "మా సమాధులకు దారి ఎవరు తీస్తారయ్యా?" అని మాత్రం అడిగి కూర్చున్నాడు. ఆఫీసర్లు దాన్ని రాసుకున్నారు. గోడ వచ్చింది. వాదన మాత్రం ఓతీలా వంటింట్లో నేటికీ తెగలేదు.

"చూశావా, ఈసారి మంచాలు ఇటుకల మీదికి ఎక్కించలేదు," అంది ఓతీలా, పెనం మీద రొట్టె తిప్పుతూ. "ఇదివరకైతే ఈపాటికి సామానంతా అటకమీద ఉండేది."

"వాన రానీ ముందు. అప్పుడు మురుద్దువుగాని."

"వస్తుంది, పోతుంది. నా గోడ ఉంది."

"నీ గోడా? మన తాత కట్టించాడా?"

"నోరు ముయ్యరా! చచ్చినవాళ్ల మీద ఉన్న ధ్యాస బతికున్న అక్క మీద లేదు నీకు. రాత్రి నీళ్లు మంచం కోళ్లు తడుపుతుంటే దీపం పట్టుకు కూర్చున్నదాన్ని నేను, నువ్వు కాదు."

"నీ బాధ నాకు తెలీదా అక్కా? కానీ కట్టుకున్నదాని దగ్గరికి పోవడానికి నేను నంబరు నొక్కాలి. రేపు నన్ను మోసుకెళ్లేవాళ్లూ నొక్కాలి. నాకు ఒళ్లు మండదూ?"

"పోదువుగానిలే, తొందరేముంది? బీన్స్ ఇంకాస్త వేసుకో. ఎండుకుపోతున్నావు."

వేసుకున్నాడు. కిటికీ రెక్క గాలికి కొట్టుకోవడం మొదలెట్టింది.

సాయంత్రానికి వాన ముసురు దాటి కుంభవృష్టి అయింది. ఫోర్‌మన్ ఎవెరార్దో రేడియోలో పిలిచాడు.

"లిబ్రాదో, పైన ఏరు పొర్లుతోంది. పొద్దు పడేలోపు గేటు కట్టెయ్యి. మనిషిని పంపుదామంటే రోడ్లు తెగాయి."

"సరే. ఎప్పుడు తియ్యాలి?"

"నీళ్లు తీసినప్పుడు. నాకేం తెలుసు?"

ఇనప గేటును భుజంతో తోసి మూశాడు. కడ్డీల సందుల్లోంచి నీళ్లు దూరకుండా సిమెంటు గాడుల్లో దిమ్మల్లాంటి చెక్కలు ఒకదానిమీద ఒకటి దించాడు. ఆ తర్వాత ఇసుక మూటలు. సగం వేసేసరికి రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. మూట మీదే కూర్చున్నాడు. కడ్డీల సందులోంచి చూస్తే సమాధుల తోట వానలో మసకగా ఉంది. ఏటి నీళ్లు అప్పటికే దాని కంచె దాటాయి. ఇంటికి పోదామనే అనిపించింది. కానీ సందు ఏమాత్రం మిగిలినా నీళ్లు ముందు దూరేది ఓతీలా వంటింట్లోకి. లేచి మిగతా మూటలూ వేశాడు.

తడిసి ముద్దయి వచ్చి అక్క వసారాలో కుర్చీలో కూలబడ్డాడు.

"తడి బట్టలతో కూర్చుంటావా? జ్వరమొస్తే నేను చెయ్యలేను." కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. "గేటు వేశావా?"

"వేశాను. గట్టిగానే వేశాను. హాయిగా పడుకో."

ఆవిడ పొడి చొక్కా వెతకడానికి లోపలికి వెళ్లింది. మొగుడిది ఒకటి దొరికింది. తెచ్చేసరికి లిబ్రాదో తల పక్కకు వాల్చి ఉన్నాడు. కాఫీ అలాగే ఉంది. నీకోసం పెట్టె అడుగునుంచి తీశాను, లేచి వేసుకో, మొద్దు నిద్రా నువ్వూనూ అని ఆవిడ కాసేపు తిడుతూనే ఉంది. చొక్కా ఒళ్లో పడేశాక, భుజం పట్టి కుదిపాక తెలిసింది.

వాన వెలిసింది. దిగువ వీధి మొత్తం ఆరిన నేల మీద ఉంది. గోడ అవతల మాత్రం ఏరు సముద్రమంత అయింది. ఊళ్లో కరెంటు లేదు, శవాన్ని ఇక ఉంచలేమన్నారు. హైవే పక్కన టౌను శ్మశానంలో గొయ్యి తీయించారు. పోయేముందు ఒకసారి గేటు దాకా తీసుకెళ్లండి, చావేలాకు దగ్గరగా అని ఓతీలా పట్టుబట్టింది.

మోసుకెళ్లి గేటు ముందు శవపెట్టెను దించారు. చెక్కల అవతల నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు. పాదిరీ ప్రార్థన చేశాడు. ఎవెరార్దో తడి కళ్లతో ఓతీలా వైపు చూసి, "తీస్తే వీధి పోతుంది అమ్మా," అన్నాడు, ఎవరూ అడగకుండానే. తియ్యండిరా అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి తిరిగి వీధిని చూసింది. తన ఇల్లు, ఇంటి ముందు ఆరేసిన దుప్పట్లు, పక్కింటి గుమ్మంలో చంటిదాన్ని ఎత్తుకున్న తల్లి. మాట మింగేసింది. ఆ పూట ఆరిన తన గచ్చు మీద కాలు పెట్టడానికి ఆవిడకు సిగ్గేసింది.

టౌను శ్మశానంలో పూడ్చాక, నీళ్లు తీశాక తవ్వి చావేలా పక్కకు తెచ్చుకోవచ్చని ఒకరిద్దరు అన్నారు. మట్టిలో పెట్టిన మనిషిని మావాళ్లు కదపరు. భోజనాల దగ్గర మళ్లీ అదే గొడవ: గోడ లేకపోతే అందరం మునిగేవాళ్లమని ఒకరు, గోడ లేకపోతే లిబ్రాదో అంత చాకిరీ చేసి చచ్చేవాడు కాడని ఒకరు. మొదటిసారి ఓతీలా ఏ పక్కా మాట్లాడలేదు.

శవపేటికను దారిలో ఎక్కడ దించితే అక్కడొక శిలువ పాతాలని మా ఆచారం, పోయినవాడు చివరిసారి అలుపు తీర్చుకున్న చోటని. గేటు దగ్గరంతా సిమెంటు, గునపం దిగలేదు. మెస్కీట్ ముళ్లచెట్టు కొమ్మలతో చేసిన శిలువను ఎవెరార్దో తీగతో గేటు కడ్డీలకే కట్టాడు. ఇప్పుడు కొత్త లస్కరు పొద్దున గేటు పక్కకు తోస్తే శిలువా దానితో పాటు జరుగుతుంది. సాయంత్రం మూసినప్పుడు, మళ్లీ వచ్చి దారి మధ్యలో నిలబడుతుంది.