చమ్కీ గీకేసిన చేప

రేపు బడిలో ప్రదర్శన. డ్రాయింగ్ టీచరుకి కాలు నేల మీద నిలవడం లేదు. సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన సీసా మూతలూ, తెగిన చెప్పులూ, పళ్లూడిన దువ్వెనలూ తీగల చట్రానికి కట్టి పిల్లలు చేసిన చేప హాల్లో బల్లంత పొడవున పడుకుని ఉంది. నోరు బారెడు, కడుపు ఖాళీ. ఒళ్లంతా వెండి చమ్కీ పొడి జిగేల్ జిగేల్మంటోంది.

ఆ పొడి చల్లించింది పెద్దటీచరమ్మ. "వచ్చిన అమ్మానాన్నలు చూసి అబ్బా అనాలమ్మాయ్! అలా అంటేనే నీ పీరియడ్ ఉంటుంది. లేదా, లెక్కల మాస్టారికి ఇచ్చేస్తా," అని మొహం మీదే చెప్పేసింది. చెడ్డావిడేం కాదు పాపం. గొంతు గరగర అంటూ ఆకుపచ్చ కాగితాలు ఒలుచుకుని పిప్పరమెంటు బిళ్లలు చప్పరిస్తుంది. మాట మాత్రం కాస్త కారం.

పిల్లలు చమ్కీ అంటిన పళ్లేలూ బ్రష్షులూ కుళాయి కింద కడుగుతుంటే, అందరూ ప్రశ్నలపిట్ట అని పిలిచే పిల్ల తల తిప్పకుండా తూము వంకే చూస్తోంది.

"టీచర్, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"కాలవలోకమ్మా."

"కాలవ ఎక్కడికి పోతుంది?"

నిజానికి టీచరు కూడా ఎప్పుడూ చూడలేదు. "పదండి, చూసొద్దాం," అంది.

పిల్లకాలవ గోడ పక్కనే సాగింది. దర్జీ కొట్టు దాటింది, సైకిళ్లు బాగుచేసే అతని షెడ్డు దాటింది, టీ కొట్టు వెనక మలుపు తిరిగింది. పక్కనే పిల్లలూ గుంపుగా నడిచారు. చివరికి ఇళ్లన్నీ అయిపోయి ఇసక వచ్చింది. కాలవ అక్కడే సముద్రంలోకి దిగుతోంది. తడి ఇసక మీద వెండి పొడి తళతళలాడుతోంది. ఓ చిన్న అల వచ్చి దాన్ని ఊడ్చుకుపోయింది.

"సముద్రంలో చెత్త వెయ్యొద్దని చేప చేసి, మనమే చెత్త వేశామా టీచర్?"

"మెల్లిగా అనవే, పెద్దటీచరమ్మ చెవిన పడుతుంది," అన్నాడు వెనక నుంచి ఒకడు.

టీచరు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చేప హాల్లోనే మెరుస్తుంది, పీరియడ్ నిలుస్తుంది. కానీ ఆ పిల్లల కళ్లలోకి రేపు ఎలా చూడటం?

సాయంత్రం ఇంటికెళ్తే అత్తగారు వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తోంది. "ఏంటే, మొహం అంత వేలాడేసుకొచ్చావు?"

కోడలు చెప్పింది. చెబుతూనే వల వంక చూస్తోంది. చెంబు నీళ్లు పోస్తే నీళ్లు జారిపోతాయి, ఆకో కాగితమో అయితే ఆగిపోతుంది. ఆ పెద్ద నోరూ, ఖాళీ కడుపూ ఉన్న చేపకి వల వేస్తే?

"అత్తయ్యా, పనికిరాని ముక్క ఏదైనా ఉందా?"

"ఎందుకు?"

"చేప కడుపుకి కడతాను."

"చేపల్ని పట్టే వల చేపకే కట్టిస్తావా? బాగుంది సంబడం! తీసుకుపో, ఆ మూలన ఉంది," అంది అత్తగారు పకపకా నవ్వి.

పొద్దున్నే పిల్లలు తడిగుడ్డలతో చమ్కీ తుడిచి, ఆ గుడ్డలు కుళాయి కింద జాడించకుండా మూత డబ్బాలో కూరారు. చమ్కీ ఏ వలకీ దొరకదు, దాన్ని కొనకపోవడమే దారి అని టీచరు చెప్పింది. పెద్దటీచరమ్మ వచ్చి చూసి లబోదిబోమంది.

"నా చేపకి గుండు కొట్టించావేంటమ్మా! దీన్ని చూసి అబ్బా అనేదెవరు?"

"ఎవరూ అనకపోతే పీరియడ్ మీరు తీసేసుకోండి. సాయంత్రం దాకా మాత్రం ఆగండి," అంది టీచరు.

అందరూ కలిసి చేపని మోసుకెళ్లి, కాలవ సముద్రంలో కలిసే చోట, నోరు ఊరి వైపు ఉండేలా కట్టేశారు. కాలవ పొద్దంతా పారింది. చేప నీళ్లు వదిలేసి, మిగిలినదంతా మింగుతూ కూర్చుంది.

సాయంత్రం అమ్మానాన్నలూ, కాలవ పక్క కొట్ల వాళ్లూ ఒడ్డుకి వచ్చి వంగి చూశారు. వల కడుపు నిండిపోయి ఉంది.

"ఆ దారపు రీళ్లు నీవే కదూ?" అని సైకిళ్లతను దర్జీని పొడిచాడు.

"ఆ ట్యూబు ముక్కలు మా తాతవా మరి?" అన్నాడు దర్జీ.

టీ కొట్టావిడ తన కప్పుల్ని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. "రేపటి నుంచి కొట్టు ముందు బుట్ట పెడతా," అంది.

ఒక్కరూ అబ్బా అనలేదు. అందరూ అయ్యో అన్నారు. పీరియడ్ పోయినట్టే అనుకుంది టీచరు.

ప్రశ్నలపిట్ట వలలో చెయ్యి పెట్టి ఆకుపచ్చ కాగితాలు గుప్పెడు తీసింది. "ఇవెవరివో చెప్పుకోండి!"

పెద్దటీచరమ్మ బుగ్గలో బిళ్ల కదలడం మానేసింది. ఆఫీసు కిటికీ కిందే కదా కాలవ! ఆవిడ చెయ్యి చాచి ఆ కాగితాలు తీసుకుని సంచీలో వేసుకుంది.

"ఈ చేప కడుపు రోజూ ఖాళీ చెయ్యాలేమో?"

"చెయ్యాలండి. లేకపోతే కాలవ పొంగుతుంది."

"ఎవరు చేస్తారు?"

"మేం చేస్తాం, డ్రాయింగ్ పీరియడ్‌లో!" అని పిల్లలు ఒక్కసారే అరిచారు.

"అరవకండర్రా, చెవులున్నాయి నాకు." ఆవిడ టీచరు వైపు తిరిగింది. "లెక్కల మాస్టారికి నేను చెప్పుకుంటాలే. నువ్వు రేపు నా కిటికీ కింద కూడా ఓ చేప పిల్లని కట్టించు."