ఐలవ్వ ముంచిన నీళ్లు

ప్రతి సోమవారం పొద్దున్నే లిడియా పోస్టాఫీసుకు పోవడం మెదక్‌లో అందరికీ తెలిసిన సంగతే. చేతిలో రెండు కవర్లుండేవి. ఒకటి హైదరాబాదులోని దినపత్రికకు, ఇంకోటి వారపత్రికకు. ఆమెకు ఏ పత్రికలోనూ నౌకరీ లేదు. ఆరేళ్లు నర్సు పని చేసి మానేసింది. టీకాల గురించి, దోమల మందు గురించి, పంతుళ్లు రాని బడుల గురించి రాసేది. వేసుకుంటే వేసుకునేవాళ్లు, లేకుంటే లేదు.

అరవైమూడు ఎండాకాలంలో కోట కింది మొహల్లాలో నారికురుపు లేచింది. కాలి మీద బొబ్బ పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. తెగిందంటే కాలంతా వాచిపోయేది. మంటకు తాళలేక జనం దిగుడుబావి మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చునేవాళ్లు. తాగేదీ ఆ నీళ్లే.

పురుగు ఆ నీళ్లలోనే పిల్లలు పెడుతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో ఏడాది పెరిగి బయటికొస్తుందనీ, బావిలో కాలు పెట్టొద్దనీ, నీళ్లు గుడ్డతో వడపోసుకోవాలనీ లిడియా రాసింది. దినపత్రిక మూడో పేజీలో వేసింది. ఆ కాగితం తీసుకొని మొహల్లా పెద్ద, దర్జీ నసీరుద్దీన్ దగ్గరికి పోయింది. ఆయన పుల్ల కట్టిన కుడికాలు చాపుకొని, ఎడమకాలితో మిషన్ తొక్కుతున్నాడు.

"మంచిగ రాసినవ్ బేటీ. కాలు వెట్టకుంటె బిందె ఎట్ల మునుగుతది? గిరక వెట్టుండ్రని అర్జీ ఇచ్చి రెండేండ్లాయె."

లిడియా కాగితం మడిచి పెట్టుకుంది. పోయి బావి పైమెట్టు మీద కూర్చుంది. ఎవరెవరు కాలు పెడుతున్నారో మూడు రోజులు రాసుకుంది. మూడో రోజు ఐలవ్వ వచ్చింది.

ఐలవ్వ చాకలి భూమయ్య చెల్లెలు. ఆమె మెట్టు దిగితే నీళ్లు జానెడు వెనక్కి జరిగాయి. ఇంకో మెట్టు దిగితే ఇంకో జానెడు జరిగాయి. ఆమె వంగి, చెయ్యి చాపి బిందె ముంచుకొని, పొడికాళ్లతో పైకొచ్చింది. ఆడవాళ్లు తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ ఆమెకు దారిచ్చారు. ఆమె పాదాలను నీళ్లు పుట్టినప్పటి నుంచీ ముట్టవు.

చాకలింటి పిల్లకు అది పెద్ద చిక్కే. శంకరంపేటలో అత్తగారి రేవులో ఆమె దిగితే బండ చుట్టూ ఎండిపోయేది. మూడు నెలలు చూసి మొగడు పుట్టింట్లో దింపిపోయాడు. నాట్లకు పోతే ఆమె నిలబడ్డ చోటల్లా మడి ఆరేది. వదిన ముద్ద పెట్టిన ప్రతిసారీ ఒక మాట కలిపి పెట్టేది.

"ఐలవ్వా, మొహల్లా అందరి బిందెలు నువ్వు ముంచిస్తవా? ఇంకెవ్వరు దిగకుంట?" లిడియా అడిగింది.

ఐలవ్వ నెత్తి మీద బిందె దించలేదు. "నన్ను పేపర్ల వేస్తవా అక్కా?"

"వెయ్యాలనే ఉన్నది."

"వెయ్యకు. అత్తగారింట్ల సదివించుకొని నవ్వుతరు. నా పేరు రాయనంటెనే ముంచుత."

ఎవరి దగ్గరా లేని వార్త తెస్తే నౌకరీ ఇస్తానని దినపత్రిక సంపాదకుడు పోయిన నెలే రాశాడు. లిడియా కలానికి మూత పెట్టింది. "రాయను."

నసీరుద్దీన్ ఇంటికో వడగుడ్డ కుట్టి పంచాడు. ఐలవ్వకు ఇంటికిన్ని గింజలని మాట అయింది. ఏడాదంతా ఆమె ఒక్కతే దిగింది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మళ్లీ కాళ్ల మీద బొబ్బలు లేచాయి.

"ఏడాది దాని చేతి నీళ్లు తాగి ఏం బాగుపడ్డం? నీళ్లకే పడని మనిషి!" అని బావి కాడ ఒకడు అరిచాడు. ఐలవ్వ చేతిలో బిందె అక్కడే పెట్టి ఇంటికి పోయింది.

లిడియా దర్జీ దుకాణానికి ఉరికింది. ఈసారి పుల్ల నసీరుద్దీన్ ఎడమకాలికి ఉంది.

"ఇవి పోయినేడు ఐలవ్వ ముంచకముందు తాగిన పురుగులు చాచా. ఇంకొక్క ఎండాకాలం ఆగుండ్రి."

"ఆగకపోతె?"

"మల్లా పుల్లలు చుట్టుకుంటరు."

ఆయన మిషన్ ముందు నుంచి లేచాడు. కుంటుతూ పోయి బావి పైమెట్టు మీద కూర్చొని, పుల్ల కట్టిన కాలు దారికి అడ్డంగా చాపాడు. "దిగేటోడు గీ కాలు తొక్కి దిగాలె" అన్నాడు. ఎవరూ తొక్కలేదు. ఖాళీ బిందెలు వరసగా ఎండుతుంటే, పొద్దు వాలేసరికి వదినే పోయి ఐలవ్వను పిలుచుకొచ్చింది.

ఆ మరుసటేడు మొహల్లాలో ఒక్క కాలికీ పుల్ల లేదు. లిడియా పదహారు పంక్తులు రాసింది. ఇది ఎట్లా జరిగిందని సంపాదకుడు అడిగితే, 'బావిలో ఎవరి కాలూ తడవలేదు' అని జవాబు రాసింది. నౌకరీ ఇంకెవరికో పోయింది.

ఆ వానాకాలం మొదట్లో ఐలవ్వ మొగడు కొత్త చీర పట్టుకొని వచ్చాడు. లిడియా బావి దగ్గరే ఉంది.

"మొహల్లా అంత నీ పేరే జెప్తున్నదట. ఇంటికి పోదాం నడువు," అన్నాడతను.

"జర కూసో. ఆడోళ్లు నిలవడ్డరు," అంది ఐలవ్వ.

అతను కూర్చున్నాడు. చినుకులు పడ్డాయి. అతని అంగీ తడిసింది. ఆమె చుట్టూ మెట్లు పొడిగానే ఉన్నాయి. ఎంతకూ వరస తెగలేదు. దాహమవుతుందన్నాడు. ఆమె బిందెకు గుడ్డ కట్టి, వంచి, అతని దోసిట్లో నీళ్లు పోసింది. అతను కడుపునిండా తాగి, చీర మెట్టు మీద పెట్టి, ఆమె ముఖం వైపు చూశాడు.

"గా చీర గూడ తీస్కపో. బస్సు టైమైతున్నది," అంది ఐలవ్వ. వరసలో ముందున్నామె బిందె అందుకొని మెట్లు దిగింది.