సిగ్నల్ తీసేసిన చోట

నీలమ్మ మెడలోని ఐడీ కార్డును చేత్తో పైకెత్తి చూపిస్తూ రోడ్డు దాటుతోంది. కార్డు చూస్తే కార్లు ఆపుతారని మా హౌస్‌కీపింగ్ వాళ్లందరి నమ్మకం. మేం పనిచేసే ఆఫీసు టవర్ గేటు దానికి తెరుచుకుంటుంది కదా, రోడ్డూ అంతేననుకున్నాం. కారు ఆగలేదు. నీలమ్మ నా కళ్లముందే పోయింది.

రాయదుర్గంలో ఆ చోట నెల క్రితం దాకా సిగ్నల్ ఉండేది. కార్లు ఆగకుండా పోవాలని తీసేశారు. మా బస్సు మాత్రం ఇంకా అవతలే ఆగుతుంది. మెట్రో స్టేషన్ చుట్టూ తిరిగొస్తే ఏడింటి హాజరు దక్కదు.

మూడోరోజు బస్తీలో మీటింగు పెట్టాం. ప్లానింగ్ ఆఫీసరు కామేశ్వరరావు గారు వచ్చారు.

“నాకూ బాధగానే ఉందమ్మా. కానీ సిగ్నలుంటే ఒక్కో కారు నాలుగు నిమిషాలు ఆగుతుందండి. అన్ని వేలమంది ఆలస్యమైతే నగరం వెనకబడిపోదా, మీరే చెప్పండి?”

మాలో పెద్దది సుబ్బమ్మ. ఆమె లేచింది.

“మేం కక్కూసులు కడగకపోతే ఆ వేలమంది జరసేపు కూసుంటరా సారూ? మాది పని గాదా? మీ నాలుగు నిమిషాలకు నీలమ్మ పానం పాయె.”

“ఫుట్‌బ్రిడ్జి ప్లాన్‌లో ఉందండి. వచ్చే ఏడాది...”

“అప్పటిదాంక ఎంతమందిని మొయ్యాలె?”

ఆయన ఫైలు మూసుకుని లేచారు. నీలమ్మ కూతురు అశ్విని మూలన కూర్చుని, శుభ్రంగా ఉన్న అమ్మ టిఫిన్ డబ్బానే మళ్లీ మళ్లీ తోముతోంది. చూసి నాకు ఏడుపాగలేదు.

ఆయన వెళ్లాక, సిగ్నల్ పెట్టేదాకా రోడ్డు ఆపుదామంది సుబ్బమ్మ. “రోడ్డు మీద కూసుంటే నౌకరీ పోతది గద అక్కా?” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

“పోతే అందరిదీ పోవాలె. ఒక్కదాన్ని పోనియ్యం.”

మర్నాడు అశ్విని కూడా మాతో వచ్చింది. బస్సు దిగి ఎవరమూ పరిగెత్తలేదు. యూనిఫాం కోట్ల లోపలి కొంగులు బయటికి లాగి, ఒకరి కొంగు ఒకరికి ముడేసుకున్నాం. నడిరోడ్డున నిలబడ్డాం. హారన్లు, తిట్లు. ఒక్క కారులోంచి కూడా ఒక్కరూ దిగి రాలేదు.

“ఎవరే మీ లీడరు? సిటీ మొత్తం ఆగింది!” ఎస్సై అరిచాడు.

“సిగ్నల్ పెట్టుండ్రి, పోతం,” అంది సుబ్బమ్మ.

ఆమెను వ్యాన్ వైపు లాగారు. ముడి ఊడలేదు. పక్కనున్న అశ్విని కదిలింది, ఆ వెనక నేను, నా వెనక వరసంతా.

“విప్పుండ్రే!”

ఎవరమూ విప్పలేదు. చివరికి కత్తెర తెచ్చి కొంగు కోసి, సుబ్బమ్మనూ అశ్వినినీ ఎక్కించుకు పోయారు. మిగిలిన వాళ్లం గుండెలవిసేలా ఏడ్చాం. ఏడుస్తూనే కోసిన చోట మళ్లీ ముడేసుకుని, నడిరోడ్డు మీదే పోలీస్ స్టేషన్‌కి బయల్దేరాం. కార్లన్నీ మా వెనక, మా నడకతోనే వచ్చాయి.